జాగ్రత్త: క్యూఆర్ కోడ్ మీద ఇచ్చే ‘రూపాయిన్నర వడ్డీ’ లోన్ అసలు లెక్క ఇదీ

దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, బేగంబజార్ వైపు చిన్న షాపులు నడుపుకునేవాళ్లు కొంచెం ఓపిక చేసుకుని చదవండి. బతుకమ్మ, దసరా సరుకు దింపుకునే రోజుల్లో అందరికీ చేతిలో డబ్బు ఆడదు. సరిగ్గా అప్పుడే ఈ లోన్ల వాళ్లు దిగుతారు. మా మ్యాచింగ్ సెంటర్‌కీ అలాగే వచ్చారు.

వచ్చింది కొత్తవాడు కాదు, మా కౌంటర్ మీద క్యూఆర్ స్టాండూ సౌండ్‌బాక్సూ పెట్టిపోయిన కుర్రాడే. “అక్కా, మీ ట్రాన్సాక్షన్లు మంచిగున్నయ్. రెండు లక్షలు ఆల్రెడీ అప్రూవ్ అయింది. నూటికి రూపాయిన్నరే. ఓటీపీ చెప్తే సాయంత్రానికి అకౌంట్‌ల పడ్తయ్” అన్నాడు. రెండు రూపాయలకూ మూడు రూపాయలకూ అప్పు తెచ్చుకునే బజార్లో ఆ మాట ఎవరికైనా ఇంపుగానే ఉంటుంది. ఫోన్ తనే పట్టుకుని, ఇంగ్లిష్ పేజీలు బొటనవేలితో పైకి తోసేస్తూ, నీలం బటన్ కనిపించిన ప్రతిచోటా నొక్కుకుంటూ పోయాడు. అటు చీర ఫాల్స్ కోసం ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు. షాపు రద్దీగా ఉన్న టైమే వీళ్లు ఎంచుకుంటారని పక్క షాపుల వాళ్లు తర్వాత చెప్పారు.

అకౌంట్లో పడింది 1,88,000. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, అంటే 6,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080. మేం అడగని ఇన్సూరెన్స్‌కు 4,920. కిస్తీ మాత్రం నిండు రెండు లక్షల మీదే. రోజుకు 647 చొప్పున ఏడాది పాటు, ఆదివారం లేదు, పండగ లేదు.

తమాషా ఏమిటంటే రూపాయిన్నర అన్నది అబద్ధం కాదు. రెండు లక్షలకు ఏడాదికి 36,000 వడ్డీ, లెక్క సరిపోయింది. కానీ అసలు రోజూ తీరుతూనే ఉంది కదా! ఆర్నెల్లకు సగం డబ్బు వాళ్లకు చేరిపోయినా, వడ్డీ మాత్రం మొదటిరోజు నాటి రెండు లక్షల మీదే నడుస్తుంది. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే అదే ఏడాదికి 34 శాతం. ముందే కోసేసిన 12,000 కూడా కలుపుకుంటే 47 శాతం, అంటే నూటికి దాదాపు నాలుగు రూపాయలు. పదివేలు రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకో వంద వసూలు చేసే గిరిగిరి వాళ్లు మనకు కొత్త కాదు. వాళ్లకైనా “ఇవ్వాళ బోణీ కాలేదు, రేపు రాన్నా” అని చెప్పుకోవచ్చు. యాప్‌కు ఎవరు చెప్తారు?

కార్తీకం దాటాక గిరాకీ పడిపోయింది. అకౌంట్లో డబ్బు లేని రోజున ఆటో డెబిట్ బౌన్సయితే మన బ్యాంకు 500 ప్లస్ జీఎస్టీ, మొత్తం 590 లాగింది. 647 కిస్తీకి 590 బౌన్స్ చార్జీ! లోన్ కంపెనీ జరిమానా దానికి అదనం. ఆ జరిమానాను అసలులో కలిపేసి దాని మీద మళ్లీ వడ్డీ వేశారు. అలా వేయకూడదని ఆర్‌బీఐ 2023 ఆగస్టులోనే చెప్పింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: “సిస్టమ్ జనరేటెడ్ మేడమ్.”

ఓటీపీ చెప్పకముందే అడగాల్సిన కాగితం ఒకటుంది, ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’. 2024 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారాలకిచ్చే టర్మ్ లోన్లన్నిటికీ (గడువు పెట్టి కిస్తీల్లో తీర్చేవి) ఇది ఇచ్చి తీరాలి, అదీ మనకు అర్థమయ్యే భాషలో. అందులో ‘ఏపీఆర్’ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులూ ఇన్సూరెన్సూ అన్నీ కలుపుకున్న అసలు వడ్డీ అదే. మిగతా పేజీలు వదిలేసినా ఆ అంకె చూడండి. అందులో రాయని చార్జీ మీరు ఒప్పుకోకుండా వేయడానికి లేదు. వారం దాటిన గడువున్న లోన్లకు ఆ కాగితం కనీసం మూడు పనిదినాలు చెల్లుతుంది కాబట్టి “ఇవ్వాళే తీసుకోకపోతే ఆఫర్ పోతది” అన్న తొందరకు పడిపోనక్కర్లేదు. యాప్‌లో తీసుకున్న లోన్ అయితే కనీసం ఒక్కరోజైనా కూలింగ్ ఆఫ్ గడువుండాలి. ఆ లోపు అసలూ, వాడుకున్నన్ని రోజుల వడ్డీ కట్టేసి బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొంత పోవచ్చు.

బ్యాంకుకే వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లాం. “గ్యారంటీ ఏం పెడతారమ్మా?” అన్నది మొదటి ప్రశ్న. సూక్ష్మ, చిన్న వ్యాపారాలకు కనీసం 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదన్నది ఆర్‌బీఐ రూలే. 2015లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ముద్ర లోన్ల పథకంలో 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అని ఉన్నాయి. ఈ మాటలు కౌంటర్ దగ్గర పేరు పెట్టి అడిగితే ధోరణి కొంచెం మారుతుంది. దరఖాస్తు కాగితం మీదే పెట్టి, రసీదు తీసుకోండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కోసం ఎవరికీ పైసా ఇవ్వకండి, ప్రభుత్వ పోర్టల్లో అది పూర్తిగా ఉచితం. మన బజార్లో దానికీ ఫీజు గుంజేవాళ్లున్నారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు లోన్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉంది. ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మేం మెయిల్ పెట్టిన తర్వాత జరిమానా మీద వేసిన వడ్డీ వెనక్కి వచ్చింది. ఇన్సూరెన్స్ డబ్బు ఇంకా రాలేదు, ఆ ఫిర్యాదు నడుస్తోంది.

చిట్టీ ఎత్తుకుని బాకీ మొత్తం తీర్చేశాం. తీర్చాక కూడా ఆటో డెబిట్ మాండేట్ (అకౌంట్ నుంచి లాక్కోవడానికి ఇచ్చిన అనుమతి) బతికే ఉంది! దాన్ని బ్యాంకులో అడిగి రద్దు చేయించుకోండి, లోన్ కంపెనీ నుంచి బాకీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకోండి. మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితమే, అందులో ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోండి.