సమ్మర్ స్విమ్ మీట్‌కి ఏది మేలు: హై-టెక్ మీట్ మేనేజరా, మీట్ మాస్ట్రోనా, ఎక్సెలా?

అమెరికాలో వేసవి దగ్గరపడుతోందంటే మన తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో ఈ ప్రశ్న మొదలవుతుంది. మా కమ్యూనిటీ పూల్‌కి స్విమ్ టీమ్ ఉంది, నేను ఐటీలో ఉన్నానని కంప్యూటర్ టేబుల్ నాకు అప్పగించేశారు, స్విమ్ మీట్లు, అంటే ఈత పోటీలు, నడపడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ లీగ్‌లో మిగతా టీములు ఏది వాడుతున్నాయో అదే వాడండి. ఎంచుకునే వీలు నిజంగా మీ చేతిలో ఉంటే, శనివారం పొద్దున రెండు టీముల మధ్య జరిగే డ్యూయల్ మీట్‌కి, ఈత టీముల నిర్వహణకి ఆన్‌లైన్ సేవ అందించే స్విమ్‌టోపియా వాళ్ళ మీట్ మాస్ట్రో తీసుకోండి. టచ్‌ప్యాడ్లు (చెయ్యి తాకగానే టైము నమోదు చేసే పలకలు), ప్రిలిమ్స్, ఫైనల్స్ ఉన్న పెద్ద మీట్‌కి హై-టెక్ మీట్ మేనేజర్. ఎక్సెల్ జోలికి మాత్రం వెళ్ళకండి.

హై-టెక్ సంగతి ముందు. అమెరికా స్విమ్మింగ్‌లో ఏళ్ళ తరబడి పాతుకుపోయిన సాఫ్ట్‌వేర్ ఇది, క్లబ్బుల మధ్య ఎంట్రీలు, ఫలితాలు తిరిగేది ఎక్కువగా దీని ఫైళ్ళలోనే. విండోస్ మీదే నడుస్తుంది, లోపల ఉన్నది యాక్సెస్ డేటాబేస్. మీ ఇంట్లో మ్యాక్ ఉంటే దాని మీద మళ్ళీ విండోస్ ఎక్కించుకోవాలి, పిల్లల క్రోమ్‌బుక్ అయితే అసలు పనికిరాదు. చూడ్డానికి పాతకాలం ప్రోగ్రామ్‌లా ఉంటుంది కానీ చెయ్యి అలవాటుపడితే దాని వేగం వేరు. 3241 అని కొడితే చాలు, 32.41 అని అదే తీసుకుంటుంది, చుక్క కోసం వెతుక్కోనక్కర్లేదు. పెద్ద మీట్‌లో ఒక హీట్ (ఒకేసారి ఈదే స్విమ్మర్ల గుంపు) ముగిసేలోపే తర్వాతి హీట్ వాళ్ళు బ్లాకుల వెనక నిలబడి ఉంటారు కాబట్టి ఈ వేగం చిన్న విషయం కాదు. కొలరాడో, డాక్‌ట్రానిక్స్ లాంటి కంపెనీల టైమింగ్ కన్సోళ్ళతో దీనికి గట్టి అనుబంధం ఉంది, అయితే ఆ కనెక్షన్‌కి మాడ్యూల్ విడిగా కొనాల్సి రావచ్చు. లైసెన్స్ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వెయ్యకండి.

హై-టెక్‌లో కొత్తవాళ్ళని ఇబ్బంది పెట్టే చోట్లు రెండున్నాయి. మొదటిది రీ-సీడ్, అంటే ఎవరు ఏ హీట్‌లో, ఏ లేన్‌లో ఈదాలో మళ్ళీ కేటాయించడం. హీట్ షీట్ ప్రింట్ తీసి అందరికీ పంచాక, ఎవరో పిల్లాడు రాలేదని ఆ ఈవెంట్‌ని మళ్ళీ సీడ్ చేస్తే లేన్లన్నీ మారిపోతాయి, పిల్లల చేతుల మీద పెన్నుతో రాసిన నంబర్లు ఒకటి, స్క్రీన్ మీద ఇంకొకటి. అప్పుడు వాడాల్సింది అడ్జస్ట్, అందులో ఆ ఒక్క పేరే తీసేయొచ్చు, చేర్చొచ్చు. రెండోది స్కోరింగ్. ఒక డీక్యూ స్లిప్ (నియమం తప్పిన స్విమ్మర్‌ని అనర్హులుగా ప్రకటించే చీటీ) ఆలస్యంగా వచ్చి ఫలితం సరిదిద్దారనుకోండి, ఆ ఈవెంట్‌ని మళ్ళీ స్కోర్ చెయ్యాలి, లేకపోతే టీమ్ పాయింట్లు పాతవే ఉండిపోతాయి. గెలుపోటములు ఒకటి రెండు పాయింట్ల మీద తేలే డ్యూయల్ మీట్లుంటాయి, అందుకని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మీట్ మాస్ట్రో తీరు వేరు. బ్రౌజర్‌లో నడుస్తుంది, మ్యాక్ అయినా క్రోమ్‌బుక్ అయినా సరే. ఇంటర్నెట్ పోయినా మీట్ ఆగదు, లాప్‌టాప్‌లో ఆఫ్‌లైన్‌గా నడుస్తూనే ఉంటుంది. చాలా పూళ్ళ దగ్గర వైఫై అంతంతమాత్రం కాబట్టి నాకు ఇది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. నెట్ బాగున్నప్పుడు ఒక లాప్‌టాప్‌లో ఒకరు టైములు ఎక్కిస్తుంటే ఇంకో లాప్‌టాప్‌లో ఇంకొకరు డీక్యూలు చూసుకోవచ్చు. హై-టెక్‌లోనూ ఈ పని అవుతుంది, కాకపోతే విండోస్ నెట్‌వర్క్‌లో డేటాబేస్‌ని షేర్ చెయ్యడమంటే పూల్ పక్కన గొడుగు కింద కూర్చుని చేసే పని కాదు. పైగా డ్యూయల్ మీట్‌కి కావాల్సిన అమరికంతా ఇందులో చేతికందేలా ఉంటుంది. హోమ్ టీమ్‌కి బేసి లేన్లు, వచ్చిన టీమ్‌కి సరి లేన్లు, లీగ్ పాయింట్ల పద్ధతి, రిబ్బన్ల మీద అంటించే లేబుళ్ళు, అన్నీ. రెండు టీములూ స్విమ్‌టోపియాలోనే ఉంటే ఎంట్రీలు కలపడం నిమిషాల పని. అవతలి వాళ్ళు హై-టెక్‌లో ఉన్నా ఫైలు తెప్పించుకుని ఎక్కించుకోవచ్చు. స్విమ్‌టోపియా చందా కట్టే టీములకే ఇది లాభం, ఆ చందా లేకుండా మీట్ మాస్ట్రో కోసమే అందులో చేరడం దండగ అని నా అభిప్రాయం.

నన్ను ఎక్కువగా ఒప్పించింది మాత్రం కొత్తవాళ్ళకి నేర్పడంలో ఉన్న సులువు. వాలంటీర్ అంటే ఈ వారం ఉండి వచ్చే వారం ఇండియా ట్రిప్‌కి వెళ్ళిపోయే మనిషి. అరగంటలో ఒకరికి నేర్పి కుర్చీ అప్పగించగలిగేదే మంచి సాఫ్ట్‌వేర్. ఒక్కరికే తెలిసిన సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా ఆ ఒక్కరికీ జ్వరం వస్తే మీట్ మొత్తం టెన్షన్.

ఇక వాచీలు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. లేన్‌కి ముగ్గురు టైమర్లు ఉండి 32.41, 32.58, 32.47 వస్తే మధ్యది, అంటే 32.47 తీసుకుంటారు. మూడింట్లో రెండు ఒకటే అయితే ఆ టైమే అధికారికం. వాచీలు రెండే ఉండి 32.42, 32.58 వస్తే సగటు, 32.50. కాగితం మీద ఇద్దరి లెక్కా టైమర్లే వేసి సగటు ఒక్కటే రాసి పంపితే, తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత పట్టుకునే దారి ఉండదు. అందుకని వాచీ టైములన్నీ విడివిడిగా రాయించండి, లెక్క సాఫ్ట్‌వేర్‌ని వెయ్యనివ్వండి. కొలరాడో వాళ్ళ డాల్ఫిన్ వైర్‌లెస్ వాచీలు కొనగలిగితే రెండు సాఫ్ట్‌వేర్లూ వాటి నుంచి టైములు నేరుగా తీసుకుంటాయి, కాగితాలు పట్టుకుని పరిగెత్తే పని తగ్గుతుంది. డబ్బుంటే సాఫ్ట్‌వేర్ కన్నా ముందు వీటి మీద పెట్టమంటాను. ఎనిమిదేళ్ళ పాప మొదటిసారి 25 గజాలు ఆగకుండా ఈది వచ్చాక గోడ మీద అంటించిన కాగితంలో తన పేరు వెతుక్కుంటుంది, ఆ పేరు పక్కన ఉండే అంకె సరైనదై ఉండాలి.

ఎక్సెల్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి అది కొట్టినపిండి. సెల్‌లో 1:05.32 అని కొట్టి చూడండి, అది 01:05.3 అని చూపిస్తుంది, వందో వంతు కంటికి కనబడదు. దాని కింద 32.41 అని కొట్టి రెండింటినీ సార్ట్ చేస్తే నిమిషం దాటిన స్విమ్మర్ మొదటి స్థానంలోకి వచ్చి కూర్చుంటాడు. ఎందుకంటే మొదటిదాన్ని ఎక్సెల్ రోజులో ఒక భాగంగా దాచుకుంటుంది, రెండోది దానికి మామూలు అంకె. అన్నీ సెకన్లలోకి మార్చి, ఫార్ములాలు రాసి దీన్ని దారిలో పెట్టొచ్చు. కానీ ఆరు లేన్ల పూల్‌లో అందరికన్నా వేగమైనవాళ్ళకి 3, తర్వాతి వాళ్ళకి 4, ఆపైన 2, 5, 1, 6 అని సీడింగ్, ఆ తర్వాత రిలేలు, డీక్యూలు, పాయింట్లు అన్నీ మీరే కట్టుకుంటూ పోవాలి. స్కూల్లో ఒక పూట పోటీ పెట్టుకుంటే ఫర్వాలేదు, అంతకు మించి వద్దు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్లబ్ నడిపేవాళ్ళు అడిగితే మాత్రం నేను స్ప్లాష్ మీట్ మేనేజర్‌ని కూడా చూడమంటాను. స్విట్జర్లాండ్‌కి చెందిన జియోలాజిక్స్ వాళ్ళది, యూరప్‌లో బాగా వాడతారు, మీటర్ల పూళ్ళకి, ప్రపంచ స్థాయి పాయింట్ల లెక్కకి అలవాటైనది. లెనెక్స్ అనే ఫైల్ ఫార్మాట్‌లో ఎంట్రీలు, ఫలితాలు ఇచ్చిపుచ్చుకుంటుంది. గజాల పూల్, డ్యూయల్ మీట్, రిబ్బన్ లేబుళ్ళు అక్కడి అవసరాలు కావు కాబట్టి మీట్ మాస్ట్రో వాళ్ళకి పెద్దగా కలిసిరాదు.

ఏది కొన్నా సీజన్ మొదలవగానే చూడాల్సింది వయసు తేదీ. చాలా సమ్మర్ లీగుల్లో జూన్ 1 నాటికి ఎన్నేళ్ళో అదే సీజనంతా లెక్క, యూఎస్ఏ స్విమ్మింగ్ (అమెరికా జాతీయ ఈత సంఘం) మీట్లలో అయితే మీట్ మొదటి రోజు నాటి వయసు. ఈ ఒక్క సెట్టింగ్ తప్పుంటే జూన్‌లో పుట్టినరోజున్న పిల్లల్లో కొందరు తప్పు ఏజ్ గ్రూపులో పడతారు, అది శనివారం పొద్దున అవతలి టీమ్ కోచ్ వేలు పెట్టి చూపిస్తే గానీ బయటపడదు. మొదటి మీట్‌కి ముందు వారం టైమ్ ట్రయల్స్ ఎలాగూ పెడతారు, దాన్నే అసలు మీట్‌లా నడపండి. ఎంట్రీల నుంచి లేబుళ్ళ దాకా అన్నీ ఆ రోజే ప్రింట్ తీసి చూడండి. ఒక హీట్ మధ్యలో వైఫై కావాలనే ఆపండి, ఒక డీక్యూ పెట్టి మళ్ళీ తీసి పాయింట్లు మారాయో లేదో చూడండి. హై-టెక్ అయితే ప్రతి కొన్ని ఈవెంట్లకీ పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసే పని టేబుల్ దగ్గర ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.