ఫీజు దేనికి కట్టాలి: డ్రాయింగ్ స్టూడియోకా, కంప్యూటర్ ల్యాబుకా?

ఇంటర్ ఫలితాలు వచ్చాక మా అమలాపురం వైపు ఏ ఇంట్లోనైనా బొమ్మలు బాగా వేసే పిల్లో పిల్లాడో ఉంటే, ఆ తల్లిదండ్రులు అడిగే మాట ఒకటే. "ఫైన్ ఆర్ట్స్ అంటే పెయింటింగా, కంప్యూటరా? ఏది చదివితే నాలుగు రాళ్లొస్తాయండీ?" బీఎఫ్‌ఏలో, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో, డ్రాయింగు, పెయింటింగు పేపర్లతో పాటు డిజిటల్ ఇమేజింగ్ (కెమెరాతో, కంప్యూటర్‌తో చేసే బొమ్మల పని) కూడా చదివాను కాబట్టి ఈ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరకే వస్తోంది. పెళ్లి భోజనాల దగ్గర, బస్టాండులో, మా వీధి మందుల షాపులో కూడా. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు, అందుకే రాస్తున్నాను.

డెల్టాలో పుట్టినవాళ్లకి బొమ్మల చదువంటే ఊరు విడవడమే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారికీ అది తప్పలేదు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చెయ్యి చూసి ప్రోత్సహించబట్టి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ దాకా వెళ్లగలిగారు. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిది నిండకుండానే పోయిన మనిషి. ఆ కాస్త కాలంలోనే తిరిగొచ్చి ఊళ్లో నలుగురికి బొమ్మలు నేర్పారు. ఇప్పుడు మనవాళ్లు బీఎఫ్‌ఏ అనగానే చూసేది విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాదులో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. నాలుగేళ్ల చదువు. ఫీజుకి తోడు హాస్టలు, మెస్సు, రైలు ఛార్జీలు. ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్తున్నాం కాబట్టి నా కొలబద్ద ఒకటే: ఇంట్లో కూర్చుంటే దొరకనిదానికి డబ్బు కట్టాలి. ఆ లెక్కన రెండు చదువులనీ పక్కపక్కన పెడతాను.

మొదటి ఏడాది డ్రాయింగ్ క్లాసు చూస్తే బయటివాళ్లకి నవ్వొస్తుంది. బల్ల మీద ఒక ఇత్తడి బిందె, దాని వెనక మడతలు పడేలా వేలాడదీసిన తెల్ల గుడ్డ, పక్కన ఎండు కొబ్బరికాయ. రోజుల తరబడి అదే బిందె, అదే కాయ. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ బిందె ఎత్తు కాయకి ఎన్ని రెట్లో కొలవడం. తర్వాత కళ్లు చిట్లించి చూడటం. చిట్లిస్తే చిన్న చిన్న వివరాలన్నీ పోయి వెలుగూ నీడే మిగులుతాయి. మా లెక్చరర్ గారు చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వచ్చి, "బిందె మీద మెరుపు బియ్యపు గింజంత ఉందమ్మా, నీ కాగితం మీద అప్పడమంత ఉంది" అని వెళ్లిపోయేవారు. ఈ మాట ఏ వీడియోలోనూ దొరకదు. వీడియో చేసినాయనకి మన కాగితం కనపడదు కదా.

లైఫ్ స్టడీ, అంటే ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయడం, కూడా అంతే. ఒక మనిషి గంటలసేపు కదలకుండా కూర్చోవడం, ఆ మనిషికి యూనివర్సిటీ డబ్బులివ్వడం, కిటికీలోంచి వెలుతురు ఒకే వైపు నుంచి పడటం, ఇవన్నీ ఇంట్లో కుదిరే పనులు కావు. మా మామ్మని కుర్చీలో కూర్చోబెడితే అయిదు నిమిషాలకే పాలు పొంగిపోతున్నాయంటూ లేచిపోయేది. మన దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైన పిల్లలకి చెయ్యి బాగానే తిరుగుతుంది. అయితే చాలామంది నేర్చుకునేది ఫోటో మీద గళ్లు కొట్టి పెద్దది చేయడం. లోతునంతా చదును చేసి చేతికిచ్చే పని ఫోటోలో కెమెరా ముందే చేసేసి ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఆ పని మనమే చేయడం వేరే విద్య.

ఇక ఆకుపచ్చ. కోనసీమ పిల్లలకి పెయింటింగ్ క్లాసులో మొదట తగిలే దెబ్బ ఇదే, ఎందుకంటే పచ్చ గురించి మనకి తెలిసినంత ఎవరికీ తెలియదనుకుంటూ వెళ్తాం. ట్యూబులోంచి వచ్చిన పచ్చని తిన్నగా కాగితం మీద పెడితే అది అరుస్తుంది. నారుమడి పచ్చలో పసుపు వంతు ఎక్కువ, నీలం నామమాత్రం. నాట్లు పడి పొలం కుదురుకున్నాక అదే పచ్చ ముదురుతుంది. కొబ్బరాకు పైవైపు ఆకాశం వెలుతురు పడి బూడిద నీలంగా కనిపిస్తుంది, వెనక నుంచి ఎండ కొడితే ఆ ఆకే పసుపుగా వెలుగుతుంది. అరటాకు సంగతి మళ్లీ వేరు. ఇవన్నీ కలపాలంటే పచ్చలో కాస్త బర్న్ట్ సియెన్నా లాంటి ఎర్ర మట్టి రంగు పడాలి, అప్పుడుగాని పచ్చ పొగరు దిగదు. తమాషా ఏమిటంటే, కలిపితే పచ్చని అణిచే ఎరుపు పక్కన పెడితే రెచ్చగొడుతుంది. వరదల రోజుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు లంకల్లో చెట్లు మామూలుకంటే పచ్చగా కనపడటం మన కళ్లకి అలవాటే. కారణం నాకు తెలిసింది మాత్రం కుంచె పట్టుకున్నాకే.

ఇదే పచ్చ డిజిటల్ ఇమేజింగ్ క్లాసులో ఇంకో వేషంలో వచ్చింది. మామూలు కెమెరా సెన్సార్ మీద ఉండే రంగు ఫిల్టర్లలో సగం ఆకుపచ్చవే, మిగతా సగాన్ని ఎరుపూ నీలమూ పంచుకుంటాయి. మనిషి కన్ను ఎక్కువ పదునుగా ఉండేది పచ్చ దగ్గరే కాబట్టి ఆ ఏర్పాటు. ఫోన్ ఆ పచ్చని తనకు తోచినట్టు ముదురు చేసి జేపెగ్ చేతిలో పెడుతుంది, సెన్సార్ అసలేం చూసిందో తెలియాలంటే రా ఫైల్ తెరవాలి. సరే, తెర మీద పొలం నిగనిగలాడుతుంది. ప్రెస్సుకి వెళ్లగానే చప్పబడిపోతుంది. తెర రంగులని వెలుగుతో చూపిస్తుంది, ప్రెస్సు సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ సిరాలతో అద్దుతుంది. తెర మీద కనిపించే కొన్ని పచ్చలు, నారింజలు, నీలాలు ఆ నాలుగు సిరాల్లోంచి పుట్టనే పుట్టవు. "మా తోట ఫోటో ఇలా వాడిపోయిందేంటండీ" అని క్యాలెండర్ వేయించుకున్నాయన నిలదీస్తే, సంజాయిషీ ఇదే. రంగులు సరిచేసిన మానిటర్, మంచి ప్రింటర్, ఏ పరికరం ఏ రంగుని ఎలా చూపిస్తుందో చెప్పే ప్రొఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని ఈ తేడా కళ్లతో చూడటం కూడా ఇంట్లో దొరకని చదువే. ఇక్కడిదాకా ల్యాబుకి పూర్తి మార్కులు.

కానీ ల్యాబులో గడిచిన గంటల్లో చాలాభాగం మెనూలకే పోయింది. లేయర్లు, మాస్కులు, సెలెక్షన్లు, షార్ట్‌కట్లు. దీనికి హాస్టల్ ఫీజు దండగ. క్రిటా, గింప్, ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మల సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, నేర్పేవాళ్లు తెలుగులోనే బోలెడంతమంది ఉన్నారు. ఒక వేసవి సెలవుల్లో రావులపాలెం దగ్గర ఫ్లెక్స్ షాపులో పనిచేశాను. అక్కడి కుర్రాళ్లు ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు, కానీ వేగంలో మా క్లాసు మొత్తాన్ని పక్కన కూర్చోబెడతారు. ఏ4 కాగితానికి 300 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అడ్డం 2480, నిలువు 3508 పిక్సెళ్లు కావాలని మేం లెక్కలు కట్టుకుని వెళ్తాం. ఇరవై అడుగుల ఫ్లెక్సుకి అదే లెక్క పెడితే సిస్టమ్ మొరాయిస్తుందనీ, రోడ్డవతల నుంచి చూసే మనిషికి 72 చాలనీ వాళ్లు నోటితోనే చెప్పేస్తారు. షాపు ఓనర్ గారిది ఇంకో పాఠం. "ఆయ్, పెళ్లికొడుకు మావయ్యగారి ఫోటో కాస్త పెద్దది చెయ్యమ్మా, లేపోతే ముహూర్తం దగ్గర గొడవైపోద్ది." కంపోజిషన్‌లో ఎవరి బొమ్మ ఎంతుండాలో చుట్టరికం తేలుస్తుందని మాకు ఏ పేపర్లోనూ చెప్పలేదు.

తెలుగు అక్షరాల సంగతి కూడా అక్కడే తెలిసింది. ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, నెట్‌లో వాడేది) కొడితే ఒక్కోసారి వత్తులు ఊడిపోయి పక్కన పడతాయి. టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టుకుంటే కుదుటపడతాయి. షాపుల్లో ఆ గొడవ లేకుండా యూనికోడ్ కాని "అను" ఫాంట్లతో కానిచ్చేస్తారు, ఆ మ్యాటరుని ఇంకోచోట అతికిస్తే అర్థంకాని గుర్తులుగా మారిపోతుంది. శుభలేఖలో "శ్రీరస్తు" విరిగి అచ్చయితే ఇక్కడ ఊరుకోరు. డెల్టాలో డిజైన్ పని చేయాలనుకునేవాళ్లకి ఇది లేయర్ మాస్కుకంటే ముందు రావాలి.

రెండు చదువుల్లో ఏది దేని మీద నిలబడి ఉందో తేలింది పాత ఫోటో బాగుచేసే అసైన్‌మెంటులో. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ ఇళ్లలో ఫోటోలని కూడా వదల్లేదు. మా తాతయ్య ఫోటో ఒకటి ఆ నీళ్లలో తడిసి అద్దానికి అంటుకుపోయింది. విడదీస్తే కుడికన్ను, కణత అద్దం మీదే ఉండిపోయాయి. స్కాన్ చేసి మచ్చలూ గీతలూ తీసేయడం క్లోన్ స్టాంపుతో, హీలింగ్ బ్రష్‌తో అయిపోయింది. కన్ను దగ్గర బండి ఆగింది. ఉన్న కన్నుని తిరగేసి అతికిస్తే వెలుగు అటువైపు నుంచి పడ్డట్టు వచ్చి మొహం రెండు ముక్కలైంది. 2023లో ఫోటోషాప్‌కి వచ్చిన జెనరేటివ్ ఫిల్ (ఖాళీని ఏఐతో నింపే పనిముట్టు) చక్కటి కన్నే ఇచ్చింది, అయితే అది ఎవరిదో కన్ను. చివరికి ముక్కు నీడ ఎటు పడిందో చూసుకుని, కనుగుడ్డు గుండ్రమని గుర్తుపెట్టుకుని, పెన్ ట్యాబ్లెట్ మీద గీసుకుంటూ వచ్చాను. ప్రింటు తీసి మామ్మకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "కాదే, మీ తాతయ్యకి ఆ రెప్ప కాస్త వాలి ఉండేది" అంది. రెప్పని ఒక గీత కిందికి దింపాను. "ఇప్పుడు ఆయనే" అంది. ఫైలు, స్కానరు, బ్రష్ అన్నీ ల్యాబువే. ఆ రెప్ప దించిన చెయ్యి మాత్రం లైఫ్ స్టడీలో తయారైంది. లైఫ్ స్టడీ లేకుండా ఒక్క ల్యాబే చదివి ఉంటే ఆ పరాయి కన్నుతోనే అసైన్‌మెంటు ఇచ్చేసేదాన్ని, మార్కులు కూడా పడేవి.

ఖర్చు మాట క్లుప్తంగా. కంప్యూటర్ వైపు ఒక్కసారి గట్టిగా తగులుతుంది, మంచి ల్యాప్‌టాప్, పెన్ ట్యాబ్లెట్ అంటే ఇంట్లో చిన్న పంచాయితీయే. కుంచె వైపు కొంచెం కొంచెంగా నాలుగేళ్లూ కారుతుంది. 300 జీఎస్ఎం మందపాటి కాగితం షీటు ఒక్కటి పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది. వానాకాలం మన దగ్గర వాటర్ కలర్ పల్చటి పూత ఓ పట్టాన ఆరదు, సెలవులకి ఇంటికి తెచ్చిన కాన్వాసులకి బూజు పడుతుంది. వాటిని గోడకి ఆనించకుండా గాలి ఆడేలా పెట్టుకోవాలి.

ఉద్యోగాలు కంప్యూటర్ వైపే ఎక్కువ, ఇందులో మొహమాటం లేదు. హైదరాబాదులో వీఎఫ్‌ఎక్స్, గేమ్ కంపెనీలు, యాడ్ ఏజెన్సీలు. ఇక్కడే ఉండాలనుకుంటే పెళ్లి ఆల్బమ్‌లు, ప్రెస్సులు, ఫ్లెక్సులు. పెయింటింగ్ ఒక్కటే నమ్ముకుంటే డ్రాయింగ్ మాస్టారి పోస్టో, ఆర్డరు మీద పోర్ట్రెయిట్లో. కొత్తపేట విగ్రహాల పనివాళ్ల దగ్గరికి వెళ్లినా ముందు బంకమట్టిలో పోలిక పట్టాల్సిందే, అది మళ్లీ డ్రాయింగే. యానిమేషన్ వాళ్లు కూడా పోర్ట్‌ఫోలియోలో చేత్తో గీసిన మనుషుల స్కెచ్చులు అడుగుతారు.

కాబట్టి నా మొగ్గు స్టూడియో వైపు. చాలాచోట్ల మొదటి ఏడాది ఎలాగూ అందరికీ ఉమ్మడే, రెండో ఏడాది కూడా డ్రాయింగ్ గంటలు తగ్గని చోటు చూసుకోండి. అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ల వైపు చదువు) తీసుకునేవాళ్లకి రెండూ అందుతాయి, వాళ్లు లైఫ్ స్టడీ ఎగ్గొట్టకపోతే చాలు. డిజిటల్‌లో కెమెరా, స్కానరు, ప్రింటు ఉన్న పేపర్లు తీసుకుని, మెనూలు నేర్పే పేపర్లు వదిలేయండి. సీటు ఖాయం చేసుకునేముందు సీనియర్లని మూడు సంగతులు అడగాలి: లైఫ్ స్టడీకి కూర్చునే మోడల్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, లెక్చరర్ మీ కాగితం దగ్గరికొచ్చి మాట్లాడతారా, ప్రింటర్ పనిచేస్తోందా. మూడోది వినడానికి చిన్నదే, కానీ చాలామంది సీనియర్లు నవ్వేది అక్కడే.

ఇంట్లో పరిస్థితి బాగోక ఏడాదిలోపే జీతం చేతికి రావాలనుకునేవాళ్లకి ఈ సలహా పనికిరాదు. వాళ్లు ముందు ఫ్లెక్స్ షాపులోనో ఆల్బమ్ డిజైన్ చేసేచోటో చేరితేనే మంచిది. బీఎఫ్‌ఏ ప్రవేశ పరీక్ష తర్వాతైనా రాయొచ్చు. అందులో మెమరీ డ్రాయింగ్ అడుగుతారు. షాపుకి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లని, వాళ్లు వెళ్లిపోయాక, పాత బిల్లుబుక్కు వెనక గుర్తుతెచ్చుకుని గీస్తూ ఉంటే దానికి ప్రాక్టీసు అదే అయిపోతుంది.