దగ్గరి పదికి సవరించాలా, పదులు ముందు కూడాలా? ఖర్చు అంచనాకు ఏది మేలు?

ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతున్న ఇన్నేళ్లలో తల్లిదండ్రులు, కొత్తగా చేరిన తోటి ఉపాధ్యాయులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్న ఒకటుంది. వెచ్చాలకు కొట్టుకు వెళ్లిన పిల్లలు కాగితం, కలం లేకుండా మొత్తం ఎంతవుతుందో అంచనా వేసుకోవాలంటే ఏ పద్ధతి నేర్పాలి? పుస్తకంలో ఉన్నట్టు ఒక్కో ధరనూ దగ్గరి పదికి సవరించి కూడమనాలా, లేక పదులన్నీ ముందు కూడి చిల్లర సంగతి తర్వాత చూసుకోమనాలా?

రెండూ నేర్పాలి, పరీక్షల కోసమైనా సవరింపును వదలలేం. కానీ పిల్లల చేతికి ముందుగా ఏది అందించాలి అని అడిగితే నా మొగ్గు రెండోదాని వైపే. కారణం చెప్పేముందు తరగతిలో జరిగిన ఒక లెక్క చూపిస్తాను.

ఏడో తరగతి పిల్లలకు ఒక సరుకుల చీటీ ఇచ్చాను. అరకిలో కందిపప్పు 75, పావుకిలో చింతపండు 45, అరకిలో బెల్లం 35, పావుకిలో ఎండుమిరపకాయలు 65, టీపొడి 85, సబ్బు 38, అరకిలో పల్లీలు 72. చేతిలో ఉన్నవి రెండు రెండువందల నోట్లు, ఒక ఇరవై, అంటే 420 రూపాయలు. డబ్బు సరిపోతుందా?

సగం మంది పుస్తకం చెప్పినట్టే సవరించారు. 80, 50, 40, 70, 90, 40, 70. మొత్తం 440. సరిపోదన్నారు. ఏది మానేయాలో కూడా తేల్చేశారు, సబ్బు. నిజానికి అసలు మొత్తం 415. అన్నీ కొన్నాక ఇంకా ఐదు రూపాయలు మిగులుతాయి.

తప్పు పిల్లలది కాదు, కూడికలో ఒక్క పొరపాటూ లేదు. ఐదు వస్తే పైకి సవరించాలన్న నియమమే వాళ్లను పక్కకు లాగింది. సవరింపులో కొన్ని పైకి, కొన్ని కిందకు పోయి హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సరిపోతాయని మనం నమ్మకంగా చెబుతాం. ఒకట్ల స్థానంలో అన్ని అంకెలూ కలగలిసి ఉంటే ఆ మాట నిజమే. మన కొట్లలో అలా ఉండవు. విడిగా తూచి అమ్మే సరుకుల ధరలు ఎక్కువగా సున్నాతోనో ఐదుతోనో ముగుస్తాయి. సున్నాను సవరించే పని లేదు, ఐదులన్నీ పైకే పోతాయి. ఏడు సరుకుల్లో ఐదింటి ధర ఐదుతో ముగిస్తే అక్కడే పాతిక రూపాయలు ఎక్కువ వస్తుంది.

దీనికి తలకిందులైన కష్టం కూడా ఉంది, అది ఇంకా బాధాకరం. ధరలు 54, 63, 82, 74, 43 అనుకుందాం. సవరిస్తే 50, 60, 80, 70, 40, మొత్తం సరిగ్గా 300. చేతిలో మూడు వందలున్న పిల్లవాడు ధైర్యంగా గల్లాపెట్టె ముందుకు వెళతాడు. అక్కడ 316 అంటారు. వెనక నలుగురు చూస్తుండగా సంచిలోంచి ఒక పొట్లం తీసి తిరిగి ఇచ్చేయాలి. పదకొండేళ్ల పిల్లలకు అది చిన్న అవమానం కాదు. ఒకసారి అలా జరిగిన పిల్లలు అంచనా మీదే నమ్మకం పోగొట్టుకుంటారు, ఆ తర్వాత మనం ఎంత చెప్పినా వినరు.

ఇప్పుడు మిగతా సగం మంది ఏం చేశారో చూడండి. మొదటి చీటీలో పదులు మాత్రమే కూడారు. డెబ్బై, నూట పది, నూట నలభై, రెండు వందలు, రెండు వందల ఎనభై, మూడు వందల పది, మూడు వందల ఎనభై. ఒక్కో సరుకుకూ ఒక్కో వేలి కణుపు లెక్కపెట్టుకున్నారు, ఏడు కణుపులు. అంటే మొత్తం 380 కంటే తగ్గదు. సరుకుకు పది చొప్పున ఏడు పదులు కలిపితే 450, దాన్ని మించదు. చేతిలో ఐదు వందలుంటే ఇక ఆలోచించనక్కర్లేదు, అక్కడే ఆగిపోవచ్చు. మూడు వందల యాభై ఉంటే చాలదని అప్పుడే తెలిసిపోతుంది. 420 ఈ రెంటి మధ్య పడింది కాబట్టి మాత్రమే చిల్లర వైపు చూడాలి. ఐదూ ఐదూ పది, ఐదూ ఐదూ పది, ఎనిమిదీ రెండూ పది, ఇంకో ఐదు. ముప్పై ఐదు. నాలుగు వందల పదిహేను.

నేను నిర్ణాయకం అనుకునేది ఇక్కడే ఉంది. దగ్గరి పదికి సవరించి 440 అని తెచ్చుకున్న పిల్లలకు అది అసలు మొత్తానికి పైన ఉందో కింద ఉందో తెలియదు. ఎంత తేడా ఉండవచ్చో తెలియదు. అనుమానం వస్తే ముందుకు సాగే దారి లేదు, మళ్లీ మొదటి నుంచి కూడుకోవాలి. పదులు ముందు కూడిన పిల్లలకు ఏ దశలో ఆగినా తామెక్కడ ఉన్నారో తెలుసు. కావాలంటే ఆగుతారు, అవసరమైతే అక్కడినుంచే ఇంకో అడుగు వేస్తారు. కొట్టులో మనం వేసుకునే ప్రశ్న ‘సుమారుగా ఎంత?’ అన్నది కాదు, ‘ఈ డబ్బు చాలుతుందా?’ అన్నది. ఆ ప్రశ్నకు ఎటువైపో తెలియని అంచనా పనికిరాదు.

తోటి ఉపాధ్యాయురాలు ఒకరు దీనికి గట్టి అభ్యంతరమే చెప్పారు. చిల్లర కూడా కూడితే అది అంచనా ఎలా అవుతుంది, కచ్చితమైన కూడికే కదా అని. నిజమే, చివరిదాకా వెళితే కచ్చితమైన కూడికే. కానీ ఎక్కడ ఆగవచ్చో తెలియడమే నా దృష్టిలో అంచనా. 380 దగ్గర ఆగగలిగిన పిల్లవాడు అంచనా వేసినట్టే.

ఈ పద్ధతికి మన భాష కూడా సాయం చేస్తుంది, దీన్ని చాలామంది గమనించరు. తెలుగులో డెబ్బై ఐదు అంటాం, డెబ్బై ముందు చెవిన పడుతుంది. కొట్టువాడు ఐదు అనేలోపే పిల్లలు డెబ్బైని కూడేసుకోవచ్చు. అదే సంఖ్య హిందీలో పచహత్తర్, అక్కడ ఐదు ముందు వస్తుంది. మన సంఖ్యలు నోట పలికే వరుసలోనే మనసులో కూడగలగడం తెలుగు పిల్లలకు దక్కిన సౌకర్యం. కాగితం మీద మాత్రం ఒకట్ల నుంచి మొదలుపెట్టి మిగులు పదుల పైన వేయడం నేర్పుతాం. పిల్లలు అదే పనిని కళ్లు మూసుకుని గాలిలో వేలితో రాస్తూ చేయబోతారు, మూడో సంఖ్యకే తడబడతారు. సవరింపులో ఇంకో చిక్కు కూడా ఉంది. డెబ్బై ఐదు అని విని, దాన్ని ఎనభైగా మార్చుకుని, విన్నదాన్ని మరిచి, మార్చినదాన్ని కూడాలి. లెక్కల్లో వెనకబడిన పిల్లలు ఈ మార్పిడిలోనే జారిపోవడం నేను చూస్తూ ఉంటాను.

పదుల పద్ధతిలోనూ పిల్లలు పడే గుంత ఒకటుంది. ‘పెద్ద అంకె ముందు’ అని మనం అలవాటుగా చెబితే 212, 48, 9, 135 వచ్చినప్పుడు ఒక్కోదానిలో మొదటి అంకెను తీసుకుంటారు. రెండు, నాలుగు, తొమ్మిది, ఒకటి, మొత్తం పదహారు! అందుకే నేను ఇప్పుడు పెద్ద అంకె అనను, ‘పదులు’ అనే అంటాను. 212లో ఇరవై ఒక్క పదులు, 48లో నాలుగు, 9లో ఏమీ లేవు, 135లో పదమూడు. ముప్పై ఎనిమిది పదులు, 380. నాలుగు సరుకులు కాబట్టి 420 దాటదు. అసలు మొత్తం 404. ఈ మాట మార్చుకున్నాక తప్పులు బాగా తగ్గాయి.

సవరింపు గెలిచే చోట్లూ ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. బట్టల కొట్లో, చెప్పుల కొట్లో 299, 499 అని ఉంటే మూడు వందలు, అయిదు వందలు అనుకోవడమే తెలివి, అక్కడ పదులు ఏరుకుంటూ కూర్చోకూడదు. విహారయాత్రకు 47 మంది, తలా 385 రూపాయలు అన్నప్పుడు కూడా అంతే. కాకపోతే రెండు సంఖ్యలనూ సవరించి 50, 400 చేస్తే ఇరవై వేలు వస్తుంది, అసలు ఖర్చు 18,095. ఒక్కటే సవరించి 47ను 400తో హెచ్చవేస్తే 18,800. బస్సుకు డబ్బు వసూలు చేసేటప్పుడు కాస్త ఎక్కువ వైపు ఉండడమే మంచిది కూడా.

గుణకారం వచ్చింది కాబట్టి తూకం గురించి ఒక మాట. కిలో 46 రూపాయల టమాటాలు కిలో ముప్పావు తీసుకుంటే, రెండింటినీ దగ్గరికి సవరించిన పిల్లలు రెండు కిలోలు, యాభై రూపాయలు, వంద అంటారు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించమని చెప్పండి. రెండు కిలోలు, నలభై రూపాయలు, ఎనభై. అసలు ధర 80 రూపాయల 50 పైసలు. ఇంతకంటే బాగా చేసేవారు మా పెద్దవాళ్లు. నలభై ఆరు, సగం ఇరవై మూడు, అందులో సగం పదకొండున్నర, అన్నీ కలిపితే ఎనభైన్నర అని తూకం దించేలోపు చెప్పేవారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. సగం చేయడం వాళ్లకు ప్రత్యేకంగా నేర్చుకున్న విద్య కాదు, చేతిలోని నాణేలే నేర్పాయి. పావు, అర, ముప్పావు తూకాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నాయి కాబట్టి సగాలు చేయడాన్ని నేను వదలకుండా నేర్పిస్తాను.

మిగతా పద్ధతుల గురించి రెండు మాటలు చాలు. ధరలన్నీ నలభైకి అటూ ఇటూ ఉంటే ఆరు నలభైలు అనుకోవడం బాగుంటుంది, కానీ అలాంటి చీటీ అరుదు. ప్రతి ధరనూ పైకే సవరించడం భద్రమే, అయితే కణుపులు లెక్కపెట్టి పదులు కలపడంలో అది ఎలాగూ వచ్చేస్తుంది.

ఫోనుతో చెల్లించే రోజుల్లో ఇదంతా ఎందుకని కూడా అడుగుతున్నారు. నోటు ఇచ్చి చిల్లర తీసుకునేటప్పుడు లెక్క రెండుసార్లు కళ్లముందుకు వచ్చేది. ఇప్పుడు కొట్టువారు చెప్పిన అంకెను ఫోనులో కొట్టడమే. తప్పు పట్టుకునే అవకాశం తగ్గింది కాబట్టి అంచనా అవసరం పెరిగింది. మా తరగతి అమ్మాయి ఒకతె వాళ్లమ్మతో కొట్టుకు వెళ్లింది. చీటీ మీద వరసగా రాసిన తొమ్మిది సరుకుల కింద 612 అని వేసి ఉంది. వాళ్లమ్మ ఫోను తీసేలోపు ఈ పిల్ల, ‘పదులు నాలుగు వందల అరవైయే అమ్మా, తొమ్మిది సరుకులు, అయిదు వందల యాభై దాటడానికి వీల్లేదు’ అంది. కొట్టాయన చిన్నబుచ్చుకోలేదు. చీటీ తీసుకుని కింది నుంచి పైకి మళ్లీ కూడి, వందల దగ్గర ఒకటి ఎక్కువ వేశానమ్మా అంటూ 512 అని దిద్ది ఇచ్చాడు.