లెగ్ బ్యాగ్: చాలాకాలం వాడాక తేలిన మంచిచెడ్డలు

ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోతే కాథెటర్ (మూత్రాశయంలోకి వేసే సన్నని గొట్టం) వేసి, మూత్రం చేరే రెండు లీటర్ల బ్యాగ్‌తో ఇంటికి పంపుతారు. మంచం పక్కన వేలాడదీయడానికి అది బాగానే ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని నలుగురిలోకి రావడానికి మాత్రం పెద్దాయనకు ప్రాణం ఒప్పదు. గదిలోనే ఉండిపోతాడు, నీళ్లు తాగడం తగ్గించేస్తాడు. మూత్రం చిక్కబడి పైపు పూడుకుపోవడానికి అదే దారి. అందుకే పగటిపూట ప్యాంటు కింద కట్టుకునే లెగ్ బ్యాగ్ తప్పనిసరి అంటాను.

కొనేముందు చూడాల్సింది అన్నిటికంటే కింది వాల్వు. నొక్కిపెట్టి లాగే రకం వణికే వేళ్లకు లొంగదు. లీవర్ రకమైతే బొటనవేలితో ఇటు అంటే తెరుచుకుంటుంది, అటు అంటే మూసుకుంటుంది. పెద్దాయన చేతికిచ్చి ఆయనతోనే తెరిపించి చూడండి. బ్యాగ్ తనే ఖాళీ చేసుకోగలిగితే మనిషి తేరుకుంటాడు. నర్సు రెండు మూడుసార్లు చేసి చూపించి, తర్వాత ఆయన చేస్తుంటే పక్కన నిలబడితే చాలు. చేతులు కడుక్కోవడం ముందూ వెనకా రెండుసార్లు.

సైజు 500 మి.లీ. చాలు. 750 మి.లీ.ది నిండితే కిందికి జారి పైపును లాగుతుంది, కాథెటర్ జారిపోకుండా మూత్రాశయం లోపల ఉబ్బించి ఉంచే బెలూన్ ఒరుసుకుని రక్తం కనిపిస్తుంది. ఏ సైజైనా మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. కాథెటర్‌ను లాగినట్టు కాకుండా కాస్త వదులు ఉంచి తొడకు అంటించాలి. రబ్బరు పట్టీలు చర్మాన్ని కోస్తాయి, గుడ్డ ఎలాస్టిక్ నయం.

రాత్రి లెగ్ బ్యాగ్ తీయొద్దు. దాని కింది వాల్వుకే పెద్ద బ్యాగ్ పైపు తగిలించి, వాల్వు తెరిచి ఉంచాలి. తెరవడం మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. తెల్లారేసరికి పొత్తికడుపు బిగుసుకుపోతుంది. పెద్ద బ్యాగ్ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. లెగ్ బ్యాగ్‌ను కాథెటర్ నుంచి విడదీసేది మార్చే రోజే, అంటే ఐదు నుంచి ఏడు రోజులకోసారి.

సిగ్గుతో ఎవరూ చెప్పని మాట ఒకటుంది. రోజూ సబ్బునీళ్లతో కడిగేటప్పుడు అంగం ముందరి చర్మాన్ని వెనక్కి జరిపితే, తుడిచాక మళ్లీ ముందుకు తేవాలి. మరిచిపోతే అక్కడే బిగుసుకుని వాస్తుంది.

బ్యాగ్‌లోకి మూత్రం రాకపోతే మొదట పైపు మడతలు చూడండి, తర్వాత మలబద్ధకం ఉందేమో అడగండి. నిండిన పేగు కూడా కాథెటర్‌ను నొక్కేస్తుంది. ఇవేవీ కారణం కాకపోయినా, పొత్తికడుపు నొప్పి, గడ్డల రక్తం, చలిజ్వరం వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాథెటర్‌ను ఇంట్లో లాగేయకూడదు, బెలూన్ ఉబ్బి ఉంటుంది.