కిట్ బ్యాగులతో మూడు హోటళ్లు

మా అమ్మాయి అండర్-14 ఫుట్‌బాల్ టీమ్‌తో ఈ ఏడాది మూడు టోర్నమెంట్లకు వెళ్లాను. పదహారు మంది పిల్లలు, ఇద్దరు కోచ్‌లు, వెంట వచ్చే తల్లిదండ్రులు. రూములు చూసే పని నా మీద పడింది. మ్యాచ్‌ల సంగతి పిల్లలే ఎంతైనా చెప్పుకుంటారు, నేను హోటళ్ల గురించి రాస్తాను. ముందు రోజు రాత్రి సరిగ్గా నిద్రపోని పిల్లలు పొద్దున గ్రౌండ్‌లో ఎలా కాళ్లీడుస్తారో ఈ ఏడాది కళ్లారా చూశాను.

మొదటి ఊళ్లో మాకు ఎంపిక లేదు. నిర్వాహకులు ఇచ్చిన జాబితాలోని హోటల్లో దిగితేనే టీమ్‌కి ఎంట్రీ. అమెరికాలో దీన్ని ‘స్టే టు ప్లే’ అంటారు. నిర్వాహకులు కొన్ని వందల రూములు నింపిస్తామని హోటళ్లకు మాటిస్తారు. బదులుగా హోటల్ వాళ్లు రేటు తగ్గిస్తారు, లేదా రిఫరీలకు ఉచితంగా రూములిస్తారు, చాలాచోట్ల రూముకింత అని కమీషన్ కూడా ఇస్తారు. మాటిచ్చినన్ని రూములు నిండకపోతే ఒప్పందాన్ని బట్టి నిర్వాహకులే డబ్బు కట్టుకోవాల్సి వస్తుంది. అందుకే అంత పట్టుబడతారు. ఇదంతా అర్థం చేసుకోగలను. కానీ అదే హోటల్ సొంత వెబ్‌సైట్లో అవే తేదీలకు మాకంటే తక్కువ రేటు కనిపించినప్పుడు మాత్రం బాధేసింది. పిల్లల ఆట కోసం ఇల్లు నడిపే డబ్బులోంచి తీసి పెడుతున్న తల్లిదండ్రులు మా టీమ్‌లోనే నలుగురైదుగురున్నారు.

ఆ హోటల్ గ్రౌండ్ పక్కనే ఉంది. దానికి ఉన్న మంచి అంతే. పన్నెండు టీమ్‌లను ఒక్కచోట దింపారు. లిఫ్టులు రెండే. మా మ్యాచ్ ఏడున్నరకైతే బ్రేక్‌ఫాస్ట్ హాల్ ఆరున్నరకు తెరిచారు. అప్పటికే తలుపు దగ్గర వందమంది పిల్లలు. సగం మంది బిస్కెట్లు తిని గ్రౌండ్‌లోకి దిగారు. రాత్రి పన్నెండు దాటినా కారిడార్లో పరుగులు, తలుపుల చప్పుడు. ఒంటిగంటకు పక్క రూములోంచి ఒక పెద్దాయన బయటికొచ్చి, “పొద్దున్నే నాకు ముఖ్యమైన పనుందమ్మా, కాస్త చెప్తారా పిల్లలకి” అని మెల్లగా అడిగారు. ఆ అల్లరిలో మా పిల్లలూ ఉన్నారు. క్షమించమని అడిగి పిల్లలందరినీ లోపలికి పంపాను. కానీ ఆయనకు ఆ ఫ్లోర్‌లో రూమిచ్చిన వాళ్లకు, చుట్టూ పిల్లల టీమ్‌లు దిగుతున్నాయని నెల ముందే తెలుసు.

రెండో ఊరికి వెళ్లేటప్పుడు టోర్నమెంట్ జాబితా లేదు, మేమే వెతుక్కున్నాం. గ్రౌండ్‌కి ఇరవై నిమిషాల దూరంలో, ఆఫీసులుండే ప్రాంతంలో ఒక మామూలు హోటల్ దొరికింది. ఇలాంటి హోటళ్లు సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో నిండుతాయి, శుక్రవారం సాయంత్రానికి ఖాళీ అవుతాయి. పిల్లల టోర్నమెంట్లు సరిగ్గా శని, ఆదివారాల్లోనే జరుగుతాయి. మాలాంటి ఒక్క టీమ్ వస్తే పద్దెనిమిది రూములు, రెండు రాత్రులు. పెద్ద లీగ్ టీమ్ దిగితే హోటల్‌కి పేరొస్తుంది, కానీ అలాంటి టీమ్ సీజన్‌కి ఎన్నిసార్లు వస్తుంది? పిల్లల టీమ్‌లు వారం వారం వస్తాయి, కుటుంబాలను వెంటబెట్టుకొస్తాయి. చిన్న ఊళ్ల హోటళ్లకు వారాంతం జరుగుబాటు చాలావరకు వీళ్ల వల్లే.

అక్కడి మేనేజర్‌కి ఈ సంగతి బాగా తెలుసు. వారం ముందే ఫోన్ చేశారు. ఆయన మొదటి ప్రశ్న, “మొదటి మ్యాచ్ ఎన్నింటికి మేడమ్?” ఆ టైమును బట్టి బ్రేక్‌ఫాస్ట్ అయిదున్నరకే పెట్టించారు. పిల్లలందరికీ ఒకే ఫ్లోర్, ఆ వరస రెండు చివర్లా కోచ్‌ల రూములు. పదింటి తర్వాత చప్పుడు చేయకూడదన్న కాగితం మీద నాతోపాటు ప్రతి పిల్లచేతా సంతకం పెట్టించారు. సంతకం పెట్టాం కదా అని పిల్లలు నిజంగానే మాట నిలబెట్టుకున్నారు.

శనివారం మధ్యాహ్నం వాన పడింది. బురద కాళ్లతో తిరిగొస్తే, ఏమంటారో అని నాకు టెన్షన్. గుమ్మం దగ్గర పాత దుప్పట్లు పరిచి ఉన్నాయి. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒకావిడ కింద కూర్చుని, తడిసిన బూట్లు ఒక్కొక్కటే తీసుకుని లోపలి అట్ట బయటికి లాగి, న్యూస్‌పేపర్ నలిపి బూటు ముందు కొస దాకా కూరి గోడవారగా ఆనించింది. పదహారు జతలు. రాత్రి మళ్లీ వచ్చి తడి కాగితాలు తీసేసి కొత్తవి పెట్టింది. తెల్లారేసరికి బూట్లు తొడుక్కునేంత ఆరాయి. మేం వెళ్లేటప్పుడు ఆవిడ డ్యూటీలో లేదు. ఆవిడ పేరు కనుక్కుని, మేనేజర్‌కి ఒక ఉత్తరం రాసిచ్చి వచ్చాను.

గ్రూప్ దశలోనే ఓడిపోవడంతో నాలుగు కుటుంబాలు ఒక రోజు ముందే బయల్దేరాయి. ఆ రాత్రికి డబ్బు తిరిగి రాలేదు. కానీ ఆ షరతు బుకింగ్ రోజునే స్పష్టంగా చెప్పారు, నేను తల్లిదండ్రుల గ్రూపులో రాశాను కూడా. దానికి హోటల్‌ని తప్పుపట్టను.

మూడో ఊళ్లో మా తేదీలకే పెద్ద లీగ్ మ్యాచ్ ఒకటి పడింది. రిసెప్షన్‌కి వెళ్లేసరికి మా రూముల్లో ఆరు లేవన్నారు. వచ్చిన టీమ్ రెండు ఫ్లోర్లు పూర్తిగా తీసుకుంది. వాళ్లకి వేరే డైనింగ్ హాల్, మీటింగ్ రూములో ఫిజియో బల్లలు, లిఫ్ట్ దగ్గర సెక్యూరిటీ, మ్యాచ్ రోజు సాయంత్రం దాకా చెక్-అవుట్ లేకుండా ఉండే వెసులుబాటు. ఆటగాళ్లకు ఈ ఏర్పాట్లన్నీ అవసరమే, నేను కాదనను. కానీ రెండు నెలల ముందు డబ్బు కట్టిన పిల్లల్లో ఆరు రూముల వాళ్లని నలభై నిమిషాల దూరంలోని ఇంకో హోటల్‌కి పంపారు. టీమ్ రెండు ముక్కలైంది. మా గోల్‌కీపర్ ఆ రాత్రి అక్కడ నిద్రపట్టక వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది. మర్నాడు లాబీలో ఆటగాళ్లు నడిచి వెళ్తుంటే పిల్లల ముఖాలు వెలిగిపోయాయి, అదీ నిజమే. ఫ్రంట్ డెస్క్ అమ్మాయి రెండు షిఫ్టులు వరసగా చేసి ఎర్రబడ్డ కళ్లతో మాకు సర్దిచెబుతూనే ఉంది. రూములు ఎక్కువ అమ్ముకున్నది ఆ అమ్మాయి కాదు.

పెద్ద మ్యాచ్‌ల ఒత్తిడి ఎంతలా ఉంటుందో 2023లో అహ్మదాబాద్‌లో అందరం చూశాం. భారత్-పాకిస్తాన్ ప్రపంచకప్ మ్యాచ్‌కి హోటల్ రేట్లు ఎన్నో రెట్లు పెరిగాయి. తర్వాత మ్యాచ్ అక్టోబర్ 15 నుంచి 14కి మారింది. ముందే బుక్ చేసుకున్నవాళ్లు ఎంత తిప్పలు పడి ఉంటారో ఊహించగలను.

వేరే దారులూ ఉన్నాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1975 నుంచి జరుగుతున్న గోథియా కప్ అనే ఫుట్‌బాల్ టోర్నమెంట్‌కి ఏటా వెయ్యికి పైగా పిల్లల టీమ్‌లు వస్తాయి. వాటిలో చాలావాటికి బస బడి గదుల్లోనే. అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ అనే పిల్లల బేస్‌బాల్ టోర్నమెంట్‌లో ఆడే పిల్లలు గ్రౌండ్ దగ్గరున్న డార్మిటరీలో ఉంటారు, హోటళ్లు వెతుక్కునేది తల్లిదండ్రులు. మా పిల్లలకి బడి గదుల పద్ధతి చెప్తే ఎగిరి గంతేశారు, అందరూ ఒకేచోట పడుకోవచ్చని.

ఇప్పుడు ఏ ఊరికైనా రూములు మాట్లాడేముందు ఆ వారాంతంలో అక్కడ పెద్ద మ్యాచ్ ఉందేమో చూస్తున్నాను. రూములు లేకపోతే ఎక్కడికి పంపుతారో, ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా అడుగుతున్నాను. వచ్చే టోర్నమెంట్ మళ్లీ ఆ రెండో ఊళ్లోనే. ఆ మేనేజర్ పద్దెనిమిది రూములు పక్కన పెట్టారు, నెలాఖరులోగా పేర్లివ్వాలి. ఇంకా ఇద్దరు తల్లిదండ్రులు చెప్పాలి.