బెంగళూరులో కుక్కతో కాపురం: గేటెడ్ ఫ్లాట్ మేలా, లేఔట్‌లో ఇల్లు మేలా?

బెంగళూరులో ఉద్యోగం కుదిరి కాస్త నిలదొక్కుకున్నాక మనవాళ్ళలో చాలామందికి కుక్కపిల్ల మీద మనసు పోతుంది. లాబ్రడారా, బీగిలా, దేశీనా అని నెలల తరబడి యూట్యూబ్ తిరగేస్తారు. ఏ ఇంట్లో పెంచాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాదు, ఉన్న ఇంట్లోనే సర్దుకుంటుందిలే అనుకుంటారు. నన్నడిగితే ఈ ఊళ్ళో కుక్క సుఖమూ మన సుఖమూ జాతి కన్నా ఇంటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటాయి. ఆ ఇల్లు ఎలాంటిదై ఉండాలన్నది కుక్క వయసుతో పాటు మారుతుంది. ఎలాగూ మనవి పదకొండు నెలల అగ్రిమెంట్ బతుకులే కాబట్టి ఇల్లు మారడం మనకి కొత్తేం కాదు.

మన ముందు మామూలుగా ఉండేవి రెండు దారులు. బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు పదిహేను ఇరవై అంతస్తుల గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు. లేదంటే జయనగర్, బనశంకరి, హెచ్ఎస్ఆర్ లాంటి లేఔట్‌లో ఇండిపెండెంట్ ఇంటి పోర్షను. విల్లా తీసుకోగలిగినవాళ్ళు ఇది చదవక్కర్లేదు.

పిల్లగా ఉన్నప్పటి సంగతి ముందు చూద్దాం. రెండున్నర నెలల పిల్ల నిద్ర లేవగానే ఉచ్చ పోస్తుంది, తిన్న పది నిమిషాలకి పోస్తుంది, ఆడి ఆడి ఆగగానే పోస్తుంది. మీరుండేది పద్నాలుగో అంతస్తు అనుకోండి. దాన్ని చంకనేసుకుని చెప్పులు తొడుక్కుని లిఫ్టు బటన్ నొక్కుతారు. అది పన్నెండులో ఆగి, తొమ్మిదిలో ఆగి, డెలివరీ అబ్బాయిని ఎక్కించుకుని కిందికి చేరేసరికి మీ చొక్కా తడిసిపోయి ఉంటుంది. రోజుకి ఎనిమిదిసార్లు ఇదే వరస. పోనీ కిందికి చేరారే అనుకుందాం, అప్పుడైనా గడ్డి మీద దింపడానికి లేదు. టీకాలు పూర్తవడానికి దాదాపు నాలుగు నెలల వయసు రావాలి. ఈలోపు నలభై కుక్కలు వాడే పెట్ ఏరియాలో దింపితే పార్వో అనే ప్రాణాంతక వైరస్‌ని పిలిచి పీట వేసినట్టే. అది మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ నీళ్ళే కావాలి. రక్తంతో విరోచనాలు మొదలైతే రెండు మూడు రోజుల్లో పిల్ల చేజారిపోవచ్చు.

అదే లేఔట్ ఇంట్లో మీ పోర్షనుకి టెర్రస్ ఉంటే ఈ గొడవ సగం తీరిపోతుంది. బయటి కుక్కలు రావు. ఓ మూల అలవాటు చేస్తే అక్కడే కానిస్తుంది, ఒక బకెట్ నీళ్ళు, ఒక చీపురు చాలు. ఆరబెట్టిన బట్టలు లాగేస్తుంది, ఓనరు ఆంటీ తులసి కుండీ తవ్వేస్తుంది, అది వేరే సంగతి. పిల్లని తెచ్చుకునేవాళ్ళకి మొదటి ఏడాది ఇండిపెండెంట్ ఇల్లే మేలు. దీంట్లో నాకు రెండో మాట లేదు. ఫ్లాటు వదల్లేని పరిస్థితైతే పిల్లకి బదులు టీకాలన్నీ అయిన పెద్ద కుక్కని దత్తత తీసుకోండి. 1991 నుంచి ఈ ఊళ్ళో పనిచేస్తున్న క్యూపా లాంటి జంతు సంక్షేమ సంస్థల దగ్గర ఇంటికి అలవాటుపడ్డవి, యజమాని దేశం వదిలి వెళ్తూ వదిలేసినవి కూడా ఉంటాయి.

ఇల్లు దొరకడం మరో ఎత్తు. ఇక్కడ రెండు చోట్లా ఇబ్బంది ఉంది, కాకపోతే పెట్టే మనిషి వేరు. గేటెడ్‌లో అసోసియేషన్. కుక్కలు ప్యాసింజర్ లిఫ్టులో రాకూడదని ఒక నోటీసు, రాత్రి తొమ్మిది తర్వాత కిందికి దింపొద్దని ఇంకొకటి, వాట్సాప్ గ్రూపులో ఎవరిదో తెలియని పెంట ఫొటో పెట్టి 'ఇది ఎవరి పని?' అని దర్యాప్తు. చట్టపరంగా మన పక్షం గట్టిదే. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం పెంపుడు కుక్కలు ఉండకూడదని అసోసియేషన్ నిషేధం పెట్టడానికి లేదు, మెజారిటీ ఓటుతో బైలా మార్చినా చెల్లదు, లిఫ్టు వాడొద్దనడానికీ లేదు. ఫ్లాట్‌కి ఒక కుక్క, ఇంటికి మూడు అని 2018లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీయే ఒక నిబంధన తెచ్చి, జనం గోల పెట్టాక వెనక్కి తగ్గింది. అయినా లిఫ్టులో కుక్కని చూసి వాళ్ళమ్మ వెనక దాక్కునే ఐదేళ్ళ పాపకి సర్క్యులర్ చదివి వినిపించలేం కదా. తర్వాతి లిఫ్టు కోసం ఆగుతాం. పీక్ టైంలో అలా మూడు లిఫ్టులు పోతాయి.

లేఔట్‌లో అసోసియేషన్ బెడద లేదు గానీ కింద ఓనరు ఉంటాడు. ఆయన అద్దెకివ్వనంటే ఏ సర్క్యులరూ మనకి అక్కరకి రాదు. శాకాహారులకే అన్న బోర్డు దాటి లోపలికెళ్ళినా, కుక్క కోసం చికెన్ ఉడికిస్తే ఆ వాసన మెట్ల దాకా వస్తుందని వాళ్ళ బాధ. కానీ ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక అనుకూలం ఉంది. మారతహళ్ళి, బెళ్ళందూరు, కె.ఆర్.పురం చుట్టుపక్కల పాత ఊళ్ళ ఓనర్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే రెడ్లు. బ్రోకరు 'నో పెట్స్' అన్న ఇంటికే నేరుగా వెళ్ళి కూర్చుని మాట్లాడితే, "కుక్కుండాదా? ఉండనీమ్మా. మా తోటలో రెండుండాయి. గేటు మాత్రం మూసుకోవల్ల" అని తేల్చేస్తారు. పెయింటింగ్ కింద అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం ఈ ఊళ్ళో ఎలాగూ ఉన్న ఆచారమే. కుక్క గీకిన తలుపు లెక్క అందులో కలిపేయమని ముందే మాట్లాడుకోవచ్చు.

కుక్క ఎదిగాక అసలు పోటీ మొదలవుతుంది. ఏడాది దాటిన కుక్కకి కావలసింది నడక, అంతకన్నా ముఖ్యంగా వాసన. గేటెడ్ కాంపౌండ్‌లో రాత్రి పదకొండింటికైనా లైట్లుంటాయి, బండ్లుండవు, అడ్డొచ్చే గుంపులుండవు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చే ఒంటరి ఆడపిల్లకి ఈ ఒక్క సుఖం కోసమే ఫ్లాటు తీసుకోమంటాను. కానీ కుక్క ముక్కుతో ఆలోచించండి. టవర్ల చుట్టూ అదే రోడ్డు, అదే కత్తిరించిన గడ్డి, అవే నలభై కుక్కల వాసనలు. లేఔట్ వీధిలోకి దింపితే కొబ్బరిబోండాల బండి కింద చిప్ప, కరెంటు స్తంభం, నిన్న రాత్రి పిల్లి నడిచిన గోడ, బేకరీ ముందు రాలిన పఫ్ పొట్టు. అరగంటలో సగం దూరమే నడుస్తారు, ఇంటికొచ్చాక మాత్రం కాళ్ళు చాపి పడుకుంటుంది. గేటెడ్‌లో గంట తిప్పినా ఆ నిద్ర పట్టదు.

దానికి చెల్లించే మూల్యం వీధి కుక్కలు. ప్రతి మూలకీ ఒక జట్టు, ప్రతి జట్టుకీ ఒక హద్దు. ఇవి ఎక్కడికో పోతాయని ఎదురుచూసి లాభం లేదు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కల్ని, రేబిస్ ఉన్నవీ కరిచే స్వభావం ఉన్నవీ తప్ప, పట్టుకున్నచోటే వదలాలి. నవంబర్‌లో వచ్చిన ఉత్తర్వు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వరకు వేరేగా చెప్పింది, అక్కడ పట్టినవాటిని తిరిగి అక్కడే వదలొద్దంది. మన వీధిలోవి మన వీధిలోనే ఉంటాయన్నమాట. కాబట్టి పరిచయం పెంచుకోవడమే దారి. చెవి చివర చిన్న గాటు ఉందేమో చూడండి, ఉంటే ఆపరేషన్ అయినట్టు. అలాంటివి ఎక్కువున్న వీధిలో జట్టు కుదురుగా ఉంటుంది, కొన్ని వారాల్లో మన కుక్కని లెక్కలోంచి తీసేస్తుంది. గాటు లేనివి, తరచూ కొత్తవి కనిపించే వీధైతే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. నడిచేటప్పుడు పట్టీ బిగబట్టి లాగకండి. మన చేయి బిగిస్తే మన కుక్క గుర్రుమంటుంది, అవతలివి వెంటనే లేస్తాయి. రోడ్డు దాటేసి అవతలి వైపు నుంచి వెళ్ళిపోండి.

పిడుదుల విషయంలో మాత్రం రెండిళ్ళూ ఒకటే, ఎవరేం చెప్పినా నమ్మకండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, ఎముకలు కొరికే చలీ లేదు, మాడ్చే ఎండా లేదు. మనకి హాయి, పిడుదులకి అంతకన్నా హాయి, ఏడాది పొడుగునా ఉంటాయి. గడ్డిలోనే ఉంటాయనుకుంటాం. గోధుమరంగు పిడుదు గోడలెక్కుతుంది, కిటికీ చట్రం సందుల్లో, పరుపు కింద వేల గుడ్లు పెడుతుంది. బయటి నుంచి రాగానే చెవి లోపలి మడత, కాలి వేళ్ళ సందులు, తోక కింద వేళ్ళతో తడిమి చూడాలి. మిరియపు గింజలా తగిలితే అదే. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ముదిరితే ప్లేట్‌లెట్లు పడిపోయి చిగుళ్ళు తెల్లబడతాయి. తిండి మానేసి రెండోరోజుకి కూడా లేవకపోతే రక్తపరీక్షకి తీసుకెళ్ళండి. పిడుదుల్ని చంపే మందుల్లో ఫ్లూరాలనర్ మాత్ర పన్నెండు వారాలు పనిచేస్తుంది, అఫాక్సోలనర్ నెల రోజులు. బరువుని బట్టి ఏది వేయాలో డాక్టరుని అడగండి.

ఆదివారం షికారు లెక్కలో లేఔట్ గెలుస్తుంది, అదీ పాత ఊరికి దగ్గరగా ఉంటేనే. లాల్‌బాగ్‌లోకి కుక్కల్ని రానివ్వరు. మిగిలింది కబ్బన్ పార్క్. 1870లో వేసిన ఆ తోటలో ఆదివారాలు బండ్లు తిరగవు, వెదురు పొదల పక్కన రకరకాల జాతుల కుక్కలు చేరతాయి. 2022 జులై నుంచి అక్కడా నిషేధిస్తామని ఉద్యానశాఖ అంటే నగరమంతా గగ్గోలు పుట్టి అది ఆగిపోయింది. జయనగర్ నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. సర్జాపుర రోడ్డు నుంచైతే అది యాత్ర. మెట్రోలో కుక్కని ఎక్కనివ్వరు, కుక్కని ఎక్కనిచ్చే ఉబర్ పెట్ క్యాబ్ బుక్ చేసుకోవాలి, తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది.

పగలు ఒంటరిగా ఉండాల్సిన కుక్కకి ఫ్లాటులో ఒక లాభం ఉంది. ఒకే టవర్‌లో ఐదారు ఇళ్ళకి వచ్చే డాగ్ వాకర్ కుర్రాడు సులువుగా కుదురుతాడు. లేఔట్‌లో ఒక్క కుక్క కోసం అంత దూరం రమ్మంటే రాడు. అరుపులు రెండుచోట్లా ఉంటాయి. ఫ్లాటులో విసుగు పుట్టి అరుస్తుంది, ఇంట్లోనైతే పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే చెత్త బండితో మొదలుపెట్టి పూలమ్మే ఆమె దాకా అందరినీ పలకరిస్తుంది.

ముసలితనం వచ్చాక తక్కెడ పూర్తిగా ఒరిగిపోతుంది. లాబ్రడార్లకి తొమ్మిదో ఏడు దాటితే తుంటి కీళ్ళు మొరాయిస్తాయి. లేఔట్ ఇళ్ళలో మొదటి అంతస్తు మెట్లు సాధారణంగా ఇంటి బయట పక్కగా, ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, వానకి గ్రానైట్ జారుతుంది. ముప్పై కిలోల కుక్కని రోజుకి మూడుసార్లు ఆ మెట్ల మీద మోయడానికి ఇద్దరు కావాలి. అప్పుడు ఎవరేమన్నా సరే లిఫ్టున్న ఫ్లాటుకి మారిపోండి, లేదా గ్రౌండ్ ఫ్లోర్ చూసుకోండి. టైల్స్ మీద కాళ్ళు జారకుండా మంచం నుంచి గిన్నె దాకా యోగా మ్యాట్లు పరిచేస్తే చాలు.

సంక్రాంతికి ఊరెళ్ళే బెంగ ఏ ఇంట్లోనూ తప్పదు. రైల్లో కుక్క మనతో రావాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ కేబిన్ గానీ మొత్తం మనకే దొరకాలి. థర్డ్ ఏసీ, స్లీపర్‌లో వీల్లేదు, లేదంటే గార్డు పెట్టెలోని బోనులో వేయాలి. పండక్కి మనకే బెర్తు దొరకదు, కూపే ఎక్కడ? కాబట్టి కారు, లేకపోతే బోర్డింగ్. గేటెడ్‌లో ఉంటే కింది ఫ్లోర్ పిల్లలు 'అంకుల్, మేం చూసుకుంటాం' అని వాళ్ళమ్మని ఒప్పించే అవకాశం కొంచెం ఎక్కువ.

ఇల్లు ఖాయం చేసే ముందు రాత్రి పదిన్నరకి ఆ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి కుక్క లేకుండా ఒకసారి నడిచి రండి. పగలు బ్రోకరు చూపించే వీధి వేరు, రాత్రి వీధి వేరు. ఫ్లాటైతే సాయంత్రం ఏడింటికి లిఫ్టు ముందు పది నిమిషాలు నిలబడండి. ఏదైనా సరే, అగ్రిమెంట్‌లో 'ఒక పెంపుడు కుక్క ఉంటుంది' అని ఒక లైను రాయించుకోండి. ఓనరు ఎంత మంచివాడైనా, రేపు అద్దె వసూలుకి వచ్చేది ఆయన కొడుకు కావచ్చు.