మడిలో పరిశోధనా, అరుగు మీద పరిశోధనా?

గోదావరి డెల్టా మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి రెండు దారులున్నాయి: వరి మడి, రైతు ఇంటి అరుగు.

మడి దారికి మారుటేరు ఉంది. 1925లో మొదలైన ఆ వరి పరిశోధన కేంద్రం నుంచే 1982లో ఎంటీయూ 7029 అనే వరి రకం, అదే మన స్వర్ణ, వచ్చింది. అక్కడ పద్ధతి స్పష్టం. చేనును చిన్న మడులుగా విడగొట్టి, ఒక్కో రకాన్నీ మూడు నాలుగు చోట్ల నాటి, గింజలో తేమ చూసి మరీ తూకం వేస్తారు. నేల అంతటా ఒకేలా ఉండదు కదా! తేడా విత్తనానిదా, నేలదా అన్నది అలాగే తేలుతుంది.

అరుగు మీద కూర్చుని రైతును అడిగి తెలుసుకోవడం అంత సులువు కాదు. కౌలు ఎంతని అడిగితే, పక్కన భూమి యజమాని ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకొకటి. కానీ 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ఎందుకు ప్రకటించారో ఏ మడీ చెప్పదు. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి, పారని మురుగు కాల్వలు... ఇవన్నీ మాటల్లోనే దొరుకుతాయి.

వైద్యానికి రెండూ కావాలి. బోదకాలు సర్వేలో ఆ జబ్బు క్రిములను సూక్ష్మదర్శినిలో చూడాలంటే రక్తం రాత్రిపూటే తీయాలి, అవి ఒంట్లో పారే రక్తంలోకి ఎక్కువగా వచ్చేది అప్పుడే. పొలం నుంచి వచ్చి పడుకున్న మనిషిని లేపి ఒప్పించాలి మరి.

నా ఓటు మాత్రం అరుగుకే. మంచి విత్తనం చేతిలో ఉంది. అది వేసిన కౌలురైతుకు చివరికి ఎంత మిగులుతోందో లెక్క కట్టేవాళ్లు ఇంకా చాలామంది కావాలి.